నరం అంటే ఏ నరం?

(కాలిఫోర్నియా బే ఏరియాలో, ఒక లైబ్రరీ హాల్లో తెలుగు కుటుంబాలు కలుసుకున్న ఆదివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మధ్యలో సభికుల మాటలు కొన్ని అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు నన్ను. పులిహోర, గుత్తివంకాయ, పైన పెరుగన్నం. మీలో సగం మంది నిద్రకి సిద్ధంగా ఉన్నారని నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది. అందుకని ముందు మీకో పని చెప్తాను.

కుడి చెయ్యి ముందుకి చాపండి. అరచెయ్యి పైకి. బొటనవేలూ చిటికెన వేలూ ఒకదానికొకటి ఆనించి, మణికట్టు కొంచెం మీ వైపు వంచండి. మణికట్టు మధ్యలో తాళ్లలా పైకి లేచాయా? కొందరికి ఒకటే లేస్తుంది, కంగారు పడకండి, రెండోది కొంతమందికి పుట్టుకతోనే ఉండదు, దానివల్ల నష్టమూ లేదు. వాటిని మనం ఏమంటాం?

(సభలోంచి: నరాలు!)

ఇప్పుడు చెయ్యి కిందకి వేలాడేయండి. కాసేపటికి చేతి వెనకాల నీలంగా ఉబ్బుతాయి. అవి?

(నరాలే!)

గుమ్మానికి మోచెయ్యి తగిలితే చిటికెన వేలిదాకా జిల్లుమంటుంది. ఏం తగిలిందంటాం?

(నవ్వులు. నరం!)

చూశారా. మొదటివి కండరాన్ని ఎముకకి కట్టే తాళ్లు, టెండన్లు. రెండోవి రక్తనాళాలు, సిరలు. మూడోది నిజంగా కబురు మోసే తీగ, నాడి. మూడు వేర్వేరు వస్తువులకి మనింట్లో ఒకటే పేరు. నాకు ముప్పై ఆరేళ్లు వచ్చేవరకూ ఈ తేడా తెలియదు. నేను బైపీసీ చదివినదాన్ని, బీయస్సీ జువాలజీ పాసైనదాన్ని. అదీ సంగతి. ఈ తేడా నాకు చూపించింది ఇక్కడ మన ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండే కమ్యూనిటీ కాలేజీ. పిల్లల్ని స్విమ్మింగ్‌కి దింపడానికి వెళ్తూ దాని ముందు నుంచే మనం రోజూ వెళ్తుంటాం.

నా కథ పెద్దదేం కాదు. మాది నరసరావుపేట. ఇంటర్ గుంటూరులో హాస్టల్లో ఉండి చదివాను. పొద్దున నాలుగున్నరకి లేపేవారు. మా కాలేజీలో ప్రాక్టికల్స్ అంటే రికార్డు బుక్కులో బొమ్మలు వేయడం, అది కూడా సీనియర్ రికార్డు చూసి. మూత్రపిండం అడ్డుకోత బొమ్మ కళ్లు మూసుకుని వేసేదాన్ని. పదో తరగతి తెలుగు మీడియంలో నేర్చుకున్న ‘రక్తకేశనాళికాగుచ్ఛం’ అనే మాట ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ అసలు కిడ్నీ ఎంత ఉంటుంది, పట్టుకుంటే మెత్తగా ఉంటుందా గట్టిగా ఉంటుందా, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎంసెట్ రాశాను. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చే ర్యాంకు కాదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపే స్తోమత నాన్నకి లేదు. బీయస్సీ, పెళ్లి, వీసా, విమానం. హెచ్‌ఫోర్ మీద, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద వచ్చినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు కాబట్టి ఆ భాగం వివరించను.

ఇక్కడికి వచ్చిన కొత్తలో నాకు ఒకరు చెప్పారు, “కమ్యూనిటీ కాలేజీనా? అక్కడ ఎవరికైనా సీటు ఇస్తారు” అని. అది తిట్టు అనుకున్నాను అప్పట్లో. నిజమే, ఎవరికైనా ఇస్తారు. దాని ఉద్దేశమే అది. ఇలినాయ్‌లోని జోలియెట్‌లో 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైంది, ఇప్పటికీ నడుస్తున్న వాటిలో మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీ అదే. ఊళ్లోనే ఉండి, మొదటి రెండేళ్ల చదువు చదువుకుని, కావాలంటే పెద్ద యూనివర్సిటీకి మారొచ్చు. మన కాలిఫోర్నియాలో ఇప్పుడు ఇలాంటివి 116 ఉన్నాయి. ఎవరో లెక్కపెట్టి నూటపదహార్లు చదివించినట్టు. (నవ్వులు) ఇక్కడ ఏడాదికి పైగా స్థిరంగా ఉంటున్నామని కాగితాలు చూపించినవాళ్లకి యూనిట్‌కి 46 డాలర్లు. నేను తీసుకున్న అనాటమీ, అంటే శరీర నిర్మాణం చదువు, ఐదు యూనిట్లయితే 230 డాలర్లు. మిగతా చిన్నా చితకా ఫీజులు వేరే. కొత్తగా వచ్చినవాళ్లకి మాత్రం ఇది ఎన్నో రెట్లు అవుతుంది, చూసుకోండి. వీసా ఏదైతే ఏ లెక్కలోకి వస్తారో కాలేజీ అడ్మిషన్స్ ఆఫీసులో అడగండి, వాట్సాప్ గ్రూపులో అడగొద్దు. వాట్సాప్‌లో ఎవరో చెప్పారని నేను ఒక సెమిస్టర్ పోగొట్టుకున్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలి. గేటు దగ్గర ర్యాంకు అడగరు కాబట్టి లోపల సులువుగా ఉంటుందనుకుంటాం. నేనూ అలాగే అనుకుని వెళ్లాను.

మొదటి రోజు సాయంత్రం ఆరింటికి అనాటమీ క్లాసు. రాత్రి పది కావస్తుండగా వదులుతారు. సీటు కోసం వెయిట్‌లిస్ట్‌లో ఏడో నంబరు నాది. వెయిట్‌లిస్ట్‌లో ఉన్నవాళ్లు మొదటి రోజు వెళ్లి వెనక నిలబడాలి, సీటు ఉన్నవాళ్లలో ఎవరైనా రాకపోతే ప్రొఫెసర్ చేర్చుకుంటారు. అచ్చం మన ఆర్టీసీ బస్సులో కర్చీఫ్ వేసినట్టే. చుట్టూ చూస్తే, నా పక్కన సైన్యంలో పనిచేసి వచ్చిన ఒకతను. వాళ్లకి ప్రభుత్వం చదువు ఖర్చు ఇస్తుంది. ఇటు పక్కన వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి, మధ్యాహ్నం నిద్రపోయి వచ్చే ఫిలిప్పీన్స్ ఆవిడ. ముందు వరుసలో హైస్కూల్ చదువుతూనే ఈ క్లాసు తీసుకుంటున్న పదిహేడేళ్ల పిల్ల. నా వయసే ఎక్కువేమో అని టెన్షన్ పడ్డాను. యాభై దాటిన ఒకావిడ నన్ను చూసి “నువ్వు చిన్నపిల్లవి” అంది. మా ప్రొఫెసరు ముగ్గురు నలుగురు పిల్లల తల్లిలా ఉండేది. మూడు కాలేజీల్లో పార్ట్‌టైమ్‌గా చెప్తూ కారులో తిరుగుతూ ఉంటుంది. అలాంటివాళ్లు ఇక్కడ చాలామంది, వాళ్ల పుస్తకాలూ ఆఫీసూ అన్నీ కారు డిక్కీలోనే. పేరు పెట్టి పిలవమంది. నాకు సెమిస్టర్ చివరిదాకా నోరు రాలేదు. “ప్రొఫెసర్ గారూ” అని తెలుగులో మనసులో అనుకుని, ఇంగ్లీషులో ఏమీ అనకుండా చెయ్యెత్తేదాన్ని.

మొదటి పరీక్షకి నేను ఎలా చదివానో మీకు తెలుసు. మనమంతా అలాగే చదివాం. రంగు పెన్నులు, బట్టీ, తెల్లవారుజాము. భుజం దగ్గర నుంచి చేతికి వెళ్లే నాడుల అల్లిక మొత్తం, ఏ కొమ్మలోంచి ఏ కొమ్మ వస్తుందో, తప్పు లేకుండా చెప్పగలను. ప్రశ్న ఏమిచ్చారంటే: ఒకతను శనివారం రాత్రి బాగా తాగి, కుర్చీ వీపు మీదుగా చెయ్యి వేలాడేసి నిద్రపోయాడు. తెల్లారి లేచేసరికి మణికట్టు పైకి లేవడం లేదు, వేలాడిపోతోంది. ఏ నాడి నలిగింది, ఎక్కడ? అంతే ప్రశ్న. నాకు చెమటలు పట్టాయి. నాడులన్నీ వచ్చు, కానీ ఏ నాడి ఏ ఎముకని ఆనుకుని వెళ్తుందో ఎప్పుడూ ఆలోచించలేదు. నేను నేర్చుకున్నది జాబితా, అక్కడ కావలసింది ఊరి దారి. అది రేడియల్ నాడి. జబ్బ ఎముక వెనక, ఎముకకే అంటుకుని గాడిలో చుట్టి వెళ్తుంది. అక్కడ కుర్చీ అంచు నొక్కితే అంతే. నాకు వందకి 61 వచ్చాయి. కారులో కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్లి మా ఆయనకి 71 అని చెప్పాను. (నవ్వులు) ఆయన ఇక్కడే ఉన్నారు, ఇవాళే తెలిసింది ఆయనకి.

తర్వాత రోజు ఆఫీస్ అవర్స్‌కి వెళ్లాను. ఇది ముఖ్యం. ప్రొఫెసర్ వారంలో ఫలానా గంటల్లో విద్యార్థుల కోసమే కూర్చుంటారు. మనవాళ్లం వెళ్లం. వెళ్తే మొద్దు అనుకుంటారని భయం. ఆవిడ నా నోట్సు చూసి, “బొమ్మలు చాలా బాగున్నాయి, ఇవి చూసి వేశావా?” అంది. గుంటూరు గుర్తొచ్చింది. “పుస్తకం మూసేసి, ల్యాబ్‌కి రా” అంది. శుక్రవారాలు ఓపెన్ ల్యాబ్ ఉండేది, ఎవరైనా వచ్చి ఎంతసేపైనా కూర్చోవచ్చు. అక్కడ ఒక పెట్టె నిండా ఎముకలు. కళ్లు మూసుకుని చేత్తో తడిమి, ఇది కుడి వైపుదా ఎడమ వైపుదా చెప్పమనేది. మొదట్లో చెప్పలేం. మూడో వారానికి వేళ్లకి తెలిసిపోతుంది. మనకి 206 ఎముకలు, అందులో రెండు చేతుల్లోనే 54. మణికట్టులో ఒక్కోవైపు ఎనిమిది చిన్న రాళ్లలాంటివి, అష్టాచెమ్మా గవ్వల్లా ఉంటాయి. వాటి పేర్లకి ఇంగ్లీషులో అందరూ చెప్పుకునే వాక్యం ఒకటి ఉంది, కొంచెం అసభ్యంగా ఉంటుంది, పిల్లలున్నారు కాబట్టి చెప్పను. నేను తెలుగులో నాకోసం ఒకటి కట్టుకున్నాను: “సరళ లడ్డూలు ట్రేలో పెట్టింది, ట్రైను, ట్రాక్టరు, కారు, హారన్.” స్కాఫాయిడ్, లూనేట్, ట్రైక్వెట్రమ్, పిసిఫార్మ్. వేళ్ల వైపు వరుసలో ట్రెపీజియం, ట్రెపిజాయిడ్, కాపిటేట్, హామేట్. మా అబ్బాయి చేతి మీద బాల్‌పెన్నుతో ఎనిమిదీ గీసి స్కూలుకి పంపాను. వాడి టీచర్ నాకు ఈమెయిల్ పెట్టింది.

ఇక మాటల గురించి. మన భాష మీద నాకు ఇంత ప్రేమ ఉందని ఆ ల్యాబ్‌లోనే తెలిసింది. క్లాసులో అందరూ లాటిన్ పేర్లు చూసి బెదిరిపోతుంటే, వాటి అర్థాలు తెలిశాక నాకు నవ్వొచ్చేది. చెవిలో మూడు బుల్లి ఎముకలుంటాయి. ఇంకస్ అంటే కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలి. స్టేపిస్ అంటే గుర్రం జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే అంకవన్నె. మూడు మిల్లీమీటర్ల ఎముక, శరీరంలో అన్నిటికంటే చిన్నది. మా తెలుగు మీడియం పుస్తకంలో దాగలి, అంకవన్నె అనే రాసుండేది! అప్పుడు ఆ రెండు మాటలకీ అర్థం తెలియక బట్టీ పట్టాను. దాగలి చూడలేదు, గుర్రం ఎక్కలేదు. ఇప్పుడు ఇక్కడ, ఇంగ్లీషులో చదువుతూ, నా తెలుగు పాఠం అర్థమైంది. తొడ మీద ఏటవాలుగా వెళ్లే కండరం సార్టోరియస్, శరీరంలో అన్నిటికంటే పొడవైనది. దానర్థం దర్జీవాడి కండరం. పాతకాలంలో దర్జీలు బాసింపట్టు వేసుకుని కూర్చుని కుట్టేవారట, ఆ భంగిమలో కాలు మడిచేది ఇదే. క్లాసులో కింద కూర్చుని చూపించమంటే ఒక్క ఊపులో బాసింపట్టు వేసింది నేనొక్కదాన్నే. నాకు ఆ రోజు వచ్చినంత గౌరవం మళ్లీ రాలేదు. కీళ్ల పాఠం వచ్చినప్పుడు కూడా ‘బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, బొంగరపు కీలు’ అని స్కూల్లో చదివిన పేర్లు గుర్తొచ్చాయి. అవి ఎవరు పెట్టారో గానీ, తలుపు మడతబందులా ఒకే వైపు తెరుచుకునేది మోకాలు అని ఆ పేరులోనే ఉంది. మెడలో బొంగరం తిరిగే చోటు కూడా ఉంది, తల అడ్డంగా ఊపడానికి.

కానీ మన మాటలు మోసం చేసే చోట్లూ ఉన్నాయి. కడుపులో నొప్పంటాం, కడుపుతో ఉందంటాం. ఒకటి అన్నం ఉండేది, ఒకటి బిడ్డ ఉండేది. గుండెల్లో మంట అంటాం, అది గుండెకి సంబంధించింది కాదు, ఆమ్లం ఆహారనాళంలోకి ఎగదన్నడం. అలాగే ‘గుజ్జు’. మా అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. “డాక్టరు గుజ్జు అరిగిపోయిందన్నాడే” అని ఫోన్లో చెప్పేది. నేనూ గుజ్జు అనే మాటే విని, మోకాలి మధ్యలో చింతపండు గుజ్జులా ఏదో మెత్తటిది ఉంటుంది, అది ఎండిపోతుంది, మళ్లీ ఎక్కించొచ్చు అనుకునేదాన్ని. ల్యాబ్‌లో మొదటిసారి మోకాలి లోపల చూశాను. గుజ్జు లేదు. ఎముక చివర లేత కొబ్బరిలా తెల్లగా, నున్నగా మెరిసే పొర. గోరుతో నొక్కితే దిగదు. మీరు కోడి కాలు తిన్నప్పుడు చివర తెల్లగా కరకరలాడేదుంటుంది చూడండి, అదే జాతి. దానికి రక్తనాళాలు ఉండవు. రక్తం అందనిది కాబట్టే ఒకసారి అరిగితే చర్మం మానినట్టు మానదు. ఆ పక్కనే తెల్లటి అర్ధచంద్రాకారం మెత్తలు రెండు, మెనిస్కస్‌లు. ఆటగాళ్లకి చిరిగేది అదే.

ఆ మోకాలు ఎవరిదో చెప్పాలి మీకు. కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో మృతదేహాలుంటాయి, అన్నిచోట్లా ఉండవు. మాకు ఉండేది. యూనివర్సిటీల శరీరదాన విభాగాల నుంచి వస్తాయి. బతికుండగానే సంతకం పెట్టి ఇచ్చినవాళ్లవి. మేం కోయం, ముందే విప్పి సిద్ధం చేసినది చూస్తాం, గ్లవ్స్ వేసుకుని తాకుతాం. మొదటి రోజు ముఖం మీద గుడ్డ కప్పి ఉంది. నేను వెనక్కి నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఇంటికెళ్లి తలంటు పోసుకుని గానీ వంటింట్లోకి వెళ్లకూడదు అన్న ఆలోచనే మొదట వచ్చింది. పోసుకున్నాను కూడా, మొదటి రెండు వారాలూ. ఆ వాసన జుట్టుకి పట్టేస్తుంది, షాంపూకీ వదలదు. ఆ దేహం ఒక పెద్దావిడది. ఆవిడ ఎడమ మోకాలు సొంతదే, కుడి మోకాలు తెరిస్తే లోపల లోహం. మోకాలి మార్పిడి చేయించుకుంది. ఎడమది బాగా అరిగి ఉంది, కొన్నిచోట్ల ఆ కొబ్బరి పొర లేదు, ఎముక ఎముకతో రాసుకుని దంతంలా నున్నగా అయిపోయింది. నేను అక్కడ నిలబడి మా అమ్మ మెట్లు ఎక్కుతూ గోడ పట్టుకోవడం చూశాను. ఆ రాత్రి ఫోన్ చేసి, “అమ్మా, గుజ్జు కాదే అది” అని మొదలుపెట్టాను. అరగంట చెప్పాను. అంతా విని, “అయితే ఆపరేషన్ చేయించుకోమంటావా వద్దా?” అంది. దానికి మాత్రం నేను చదివిన అనాటమీ సరిపోలేదు, “డాక్టర్ని అడుగు” అన్నాను. చేయించుకుంది తర్వాత ఏడాది.

శరీరదానం మనవాళ్లకి కొత్త అనుకోవద్దు. 2024 సెప్టెంబరులో సీతారాం ఏచూరి గారు పోయినప్పుడు ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి అప్పగించారు. పేపర్లో ఆ వార్త చదివినప్పుడు అందరూ రాజకీయాలు మాట్లాడుకుంటుంటే, నాకు ఏదో క్లాసులో ఒక పిల్ల వెనక్కి నిలబడి ఉంటుంది అనిపించింది.

జంతువుల సంగతి త్వరగా చెప్పేస్తాను. గొర్రె గుండె కోశాం. అది నాకు సులువే. ఆదివారం మటన్ కొట్టు దగ్గర లైన్లో నిలబడి, గుండెకాయ విడిగా వేయమని అడిగి తెచ్చినదాన్ని. పక్కనున్న అమెరికన్ పిల్లకి కళ్లు తిరుగుతుంటే నేను నీళ్లిచ్చాను. కానీ ఎన్నిసార్లు వండానో, అందులో కవాటాల్ని పట్టి ఉంచే తెల్లటి దారాలు ఎప్పుడూ చూడలేదు. కొట్టువాడు ముక్కలు కొట్టి ఇస్తాడు కదా. ఎడమ జఠరిక గోడ కుడిదానికి మూడింతల మందం. కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకి పంపాలి, ఎడమది కాలివేలి దాకా పంపాలి. మందం చేత్తో పట్టుకుంటే ఆ లెక్క దానంతటదే తెలుస్తుంది.

ఆవు కన్ను మాత్రం కష్టమైంది. నేను ఏ గుడికీ పెద్దగా వెళ్లను, అయినా చెయ్యి రాలేదు. ప్రొఫెసరుకి చెప్తే, ప్లాస్టిక్ బొమ్మతో చెయ్యొచ్చు, మార్కులు తగ్గవు అంది. పదినిమిషాలు ఆలోచించుకుని, పక్కమ్మాయి కోస్తుంటే చూశాను. కన్ను లోపల వెనక గోడ మీద నెమలి కంఠం రంగు. నీలం, ఆకుపచ్చ, ఊదా కలిసి మెరుస్తోంది. రాత్రి కారు లైట్లు పడితే రోడ్డు మీద పశువుల కళ్లు మెరుస్తాయి చూడండి, అది ఇదే. మనకి ఆ పొర లేదు. చిన్నప్పుడు మా ఊరి దారిలో రాత్రి బస్సులో వస్తూ ఆ కళ్లు చూసి దెయ్యాలనుకునేదాన్ని.

గేలెన్ అనే గ్రీకు వైద్యుడు కోతుల్నీ పందుల్నీ కోసి మనిషి గురించి రాశాడు. కింది దవడ రెండు ఎముకలు అని కూడా రాశాడు. వెయ్యేళ్లకి పైగా అందరూ ఆ పుస్తకమే చదివారు. 1543లో వెసేలియస్ అనే వైద్యుడు మనిషి దవడలు చూసి, ఒకటే ఎముక కదా అన్నాడు. అన్నేళ్లలో ఎవరూ చూడలేదని కాదు, ఎదురుగా ఒకటే కనిపిస్తున్నా పుస్తకంలో రెండని ఉంది కదా అనుకున్నారు. సీనియర్ రికార్డు చూసి బొమ్మ వేసిన నేను వాళ్లని చూసి నవ్వలేను.

అనాటమీ తర్వాత సెమిస్టర్ ఫిజియాలజీ, అంటే శరీరం ఎలా పనిచేస్తుందో చెప్పే క్లాసు. అక్కడ కండరం పాఠంలో ఒకటి జరిగింది. కండరం ఒక్కసారిగా పరిగెత్తడానికి మొదటి కొన్ని సెకన్ల శక్తి ఎక్కడిది అంటే, అందులో దాచి ఉంచిన ఫాస్ఫోక్రియాటిన్ నుంచి. పుస్తకంలో పావు పేజీ ఉంది, ఎవరు కనిపెట్టారో లేదు. నేను చెయ్యెత్తాను. సెమిస్టర్ మొత్తంలో నా అంతట నేను చెయ్యెత్తడం అదొక్కసారే. “అది మా భీమవరం ఆయన” అన్నాను. (చప్పట్లు) యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టారు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1927లో దాని గురించి ప్రచురించారు. బోస్టన్ వచ్చిన కొత్తలో ఆస్పత్రిలో రాత్రిపూట కూలి పని చేసుకుంటూ చదివారు. ఆయన మన దేశంలో పేరున్న డాక్టరు కాలేకపోయారు, ఇక్కడా సుఖపడింది లేదు. ప్రొఫెసరు ఆ పేరు బోర్డు మీద రాయమంది. నేను తెలుగులో కూడా రాశాను.

డబ్బు సంగతి అడుగుతారని ముందే చెప్తున్నా. అనాటమీ పుస్తకం కొత్తది కొనాలంటే వంద డాలర్ల పైమాటే. రైస్ యూనివర్సిటీ వాళ్ల ఓపెన్‌స్టాక్స్ పుస్తకం 2013 నుంచి ఆన్‌లైన్‌లో ఉచితం, చాలా కాలేజీల్లో అదే వాడుతున్నారు. కొనే ముందు సిలబస్ చూడండి.

ల్యాబ్ పరీక్ష ఎలా ఉంటుందో కూడా ఒక ముక్క చెప్పాలి. బల్లల మీద ఎముకలు, అవయవాలు, ఒక్కోదానికి ఒక పిన్ను గుచ్చి ఉంటుంది. ఒక్కో చోట ఒక్క నిమిషం. గంట కొట్టగానే పక్క బల్లకి. గుళ్లో ప్రదక్షిణ చేసినట్టు క్లాసంతా తిరుగుతుంది. స్పెల్లింగ్ తప్పైతే అర మార్కు పోతుంది. అక్కడ నాకు దెబ్బ తగిలింది ‘ఇలియం’ దగ్గర. తుంటి ఎముకలో పై భాగం ఇలియం, చిన్నపేగు చివరి భాగమూ ఇలియమే. ఇంగ్లీషులో ఒక్క అక్షరం తేడా. తెలుగులో రాస్తే ఆ తేడా కూడా లేదు. ఎముకకి పేగు స్పెల్లింగ్ రాశాను. ప్రొఫెసరు పేపరు మీద ఒక చిన్న పేగు బొమ్మ గీసి, పక్కన నవ్వు మొహం పెట్టింది. ఆ సెమిస్టర్ ఏ రాలేదు, బీ వచ్చింది. తర్వాత మైక్రోబయాలజీ. ఆ తర్వాత నర్సింగ్ కోర్సుకి దరఖాస్తు. మా కాలేజీలో అప్పట్లో అర్హులందరిలోంచి లాటరీ తీసేవారు. రెండుసార్లు రాలేదు, మూడోసారి వచ్చింది. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ, తర్వాత నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష, రిజిస్టర్డ్ నర్స్. మా ఆయన గ్రీన్‌కార్డు లైన్ కొంత ముందుకి కదలడం వల్ల పని చేసుకునే అనుమతి నాకు దొరికింది. 2015కి ముందైతే హెచ్‌ఫోర్ వాళ్లకి ఆ దారే లేదు. చదువుకోవచ్చు గానీ ఉద్యోగం చేయకూడదు. ఈ తేడా తెలుసుకుని ప్లాన్ చేసుకోండి.

సరే, ప్రశ్నలు అన్నారు. అడగండి.

(ఒక తండ్రి: మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. మెడిసిన్‌కి వెళ్లాలంటోంది. ఇప్పుడే కమ్యూనిటీ కాలేజీలో బయాలజీ తీసుకుంటే మంచిదేనా?)

తీసుకోవచ్చండీ, హైస్కూల్ పిల్లలకి చాలా కాలేజీల్లో ట్యూషన్ ఫీజు కూడా పడదు. కానీ ఒక్కటి. ఆ మార్కులు శాశ్వతంగా కాలేజీ రికార్డులో ఉంటాయి. మెడికల్ స్కూల్ దరఖాస్తులో అవి కూడా చూపించాలి. పదహారేళ్లకి సీ వస్తే ఇరవై రెండేళ్లకి కూడా సీయే. కొన్ని మెడికల్ స్కూళ్లు సైన్సు సబ్జెక్టులు నాలుగేళ్ల యూనివర్సిటీలో చదివితే ఇష్టపడతాయి, కొన్ని పట్టించుకోవు. వాళ్ల వెబ్‌సైట్లు చూడండి. ముందు అమ్మాయిని అడగండి, అసలు గొర్రె గుండె పట్టుకుంటుందా అని.

(ఒకావిడ: అక్కా, నాకు నలభై రెండు. ఇంగ్లీషు అంత రాదు.)

నాకు మొదటి నెలలో ప్రొఫెసరు చెప్పేదాంట్లో సగం అర్థం కాలేదమ్మా. వీడియో తీసుకోవచ్చా అని అడిగి, ఇంటికెళ్లి ఆపుతూ ఆపుతూ వినేదాన్ని. ట్యూటరింగ్ సెంటర్ ఉచితం. అక్కడ నాకు చెప్పింది పంతొమ్మిదేళ్ల వియత్నాం అబ్బాయి, అతనికీ ఇంగ్లీషు అంతంతే. ఎముక చేతిలో పెట్టుకుని చూపించుకునేవాళ్లం. ముందు చిన్న బయాలజీ క్లాసు ఒకటి తీసుకో. ఒకేసారి రెండు ల్యాబ్ క్లాసులు మాత్రం తీసుకోకు, పిల్లలుంటే.

(వెనక నుంచి ఒక పెద్దాయన: అమ్మాయ్, నాది చదువు గురించి కాదు. ఈమధ్య చిటికెన వేలూ, దాని పక్క వేలూ తిమ్మిరెక్కుతున్నాయి. నరం వీక్‌నెస్ అంటారా?)

(నవ్వులు) నర్సునని తెలిశాక ఈ ప్రశ్న రాని పెళ్లి లేదు బాబాయి గారూ. రోజంతా ఫోన్ చూస్తారా మీరు? మోచెయ్యి కుర్చీ చేతికి ఆనించి? ... అదీ. ఆ పక్క వేలు మొత్తమా, చిటికెన వేలి వైపు సగమా? ... సగమేనా? సరిగ్గా చెప్పారు. మోచెయ్యి లోపలి వైపు బుడిపె వెనకాల తడమండి, అక్కడే ఉంటుంది అల్నార్ నాడి, చర్మం కిందే. ఇందాక గుమ్మానికి తగిలితే జిల్లుమన్నది అదే. మోచెయ్యి దేనికీ ఆనించకండి, ఈ వారమే డాక్టరుకి చూపించండి. మీది మాత్రం నిజంగా నరమే.